మోటార్‌హోమ్ వెనుక చిన్న కారును నాలుగు చక్రాల మీదే లాగించడం: ఏ కారు పనికొస్తుంది, ఏమేమి అమర్చుకోవాలి?

ప్రశ్న (విశ్రాంత ఉద్యోగి, సైనిక్‌పురి)

సభ్యులందరికీ నమస్కారం. విద్యుత్ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన తరువాత సైనిక్‌పురిలో ఉంటున్నాను. మా అబ్బాయి, కోడలు అమెరికాలో డల్లాస్ దగ్గర ఉంటారు. ఫోర్డ్ ఈ-450 ఛాసిస్ మీద కట్టిన మోటార్‌హోమ్ (పడకలు, వంటగది ఉన్న పెద్ద బండి) ఒకటి ఈ మధ్యనే సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. వచ్చే వేసవిలో నేను, మా ఆవిడ అక్కడికి వెళ్ళినప్పుడు నలుగురం కలిసి గ్రాండ్ కాన్యన్ మీదుగా కాలిఫోర్నియా దాకా వెళ్ళిరావాలని అనుకుంటున్నాము.

క్యాంపు స్థలంలో బండి నిలిపి, నీళ్ళ గొట్టం, కరెంటు తీగ తగిలించాక, పాలకో మందులకో వెళ్ళాలంటే ఆ తగిలించినవన్నీ విప్పి అంత పెద్ద బండినీ కదిలించవలసి వస్తుంది. అందుకే అక్కడ చాలామంది చిన్న కారును వెనుక కట్టుకుని, దాని నాలుగు చక్రాలూ రోడ్డు మీదే దొర్లుతుండగా లాక్కుని వెళతారని అబ్బాయి చెప్పాడు. కోడలి దగ్గర 2016 నాటి హోండా సీఆర్‌-వీ ఆటోమేటిక్ ఉంది. దాన్నే కట్టుకుపోదామని వాడి ఆలోచన. "న్యూట్రల్‌లో పెడితే చక్రాలు వాటంతట అవే తిరుగుతాయి కదా నాన్నా, ఇంకేం కావాలి?" అంటాడు. నాకెందుకో అది అంత తేలిక వ్యవహారంగా అనిపించడం లేదు. ఇంజను ఆగి ఉండగా వెయ్యి మైళ్ళు చక్రాలు తిరిగితే లోపలి భాగాల గతి ఏమిటన్నది నా మొదటి సందేహం. అసలు ఏమేమి అమర్చుకోవాలన్నది రెండవది.

మూడవది ఇక్కడి సంగతి. మా తోడల్లుడు ఒక వ్యాన్‌ను పడకలు, వంటగదితో క్యారవాన్‌గా చేయించుకున్నాడు. దాని వెనుక మా ఆల్టోను ఇదే పద్ధతిలో కట్టుకుని హైదరాబాద్ నుంచి అరకు వెళ్ళవచ్చునా? ఆల్టో మాన్యువల్ గేర్ల బండి. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం 1 (మియాపూర్)

అయ్యా, నమస్కారం. పదకొండేళ్ళు అమెరికాలో ఉండి తిరిగి వచ్చాను. అందులో చివరి ఆరేళ్ళు మోటార్‌హోమ్ వెనుక జీప్ రాంగ్లర్‌ను కట్టుకుని తిరిగాము. మీ అబ్బాయి గారికి ముందుగా చెప్పవలసిన మాట ఒకటే: ఆ 2016 సీఆర్‌-వీని ఈ పద్ధతిలో లాగకూడదు. అదే సీఆర్‌-వీ 2014 మోడల్ వరకు లాగడానికి కంపెనీయే అనుమతి ఇచ్చింది. 2015లో గేర్‌బాక్స్‌ను సీవీటీకి (గేర్లకు బదులు పుల్లీలు, బెల్టుతో పనిచేసే రకానికి) మార్చడంతో ఆ అనుమతి పోయింది. పేరు, ఆకారం ఒకటే అయినా ఒక్క ఏడాది తేడాతో పనికొచ్చే బండి పనికిరానిదవుతుంది. కాబట్టి ఏ కారు విషయంలోనైనా ఇరుగుపొరుగు మాట కాక, ఆ సంవత్సరపు యజమాని పుస్తకంలో ఈ రకంగా లాగడం గురించి రాసిన పేజీనే ప్రమాణంగా తీసుకోవాలి.

2014, అంతకు ముందరి సీఆర్‌-వీకి కూడా ఒక క్రమం ఉంది. బయలుదేరే ముందు ఇంజను నడుపుతూ, బ్రేకు తొక్కి, గేరు లివర్‌ను అన్ని స్థానాలలోకీ ఒకసారి తిప్పి, డీలో పెట్టి, ఆ తరువాత న్యూట్రల్‌కు తెచ్చి, ఇంజనును మూడు నిమిషాలు అలాగే నడవనివ్వాలి. తాళం చెవిని స్టీరింగ్ లాక్ పడని స్థానంలో ఉంచాలి. ఎక్కువసేపు లాగితే ఎనిమిది గంటలకొకసారి ఇదంతా మళ్ళీ చేయాలి. వేగం గంటకు 65 మైళ్ళు, అంటే సుమారు 105 కిలోమీటర్లు దాటకూడదు. మా రాంగ్లర్ పద్ధతి వేరు. దానిలో ట్రాన్స్‌ఫర్ కేసును (గేర్‌బాక్సు నుంచి వచ్చే శక్తిని ముందు, వెనుక చక్రాలకు పంచే పెట్టెను) న్యూట్రల్‌లో పెట్టి, ఆటోమేటిక్ గేరును పార్క్‌లోనే ఉంచుతారు. మొదటిసారి వినేవారికి ఇది తలకిందులుగా తోస్తుంది కానీ, చక్రాలకూ గేర్‌బాక్సుకూ మధ్య సంబంధాన్ని ట్రాన్స్‌ఫర్ కేసే తెంపేస్తుంది.

ఇక అమరికల సంగతి. కారు ముందు భాగంలో బంపరు వెనుక, ఛాసిస్‌కు బోల్టులతో బిగించే ఇనుప చట్రం ఉంటుంది. దానిని బేస్ ప్లేట్ అంటారు. ప్రతి మోడల్‌కూ దాని కొలత వేరు. మోటార్‌హోమ్ హిచ్‌లో (వెనుక లాగేదాన్ని తగిలించే గూటిలో) రెండు చేతులు గల టో బార్ కూర్చుంటుంది. ఆ చేతుల చివరలు బేస్ ప్లేట్‌కు పిన్నులతో తగులుకుంటాయి. తగిలించాక టో బార్ నేలకు దాదాపు సమాంతరంగా ఉండాలి. రెండు కొసల ఎత్తులోనూ మూడంగుళాలకు మించి తేడా ఉంటే, గట్టిగా బ్రేకు పడినప్పుడు కారు మోటార్‌హోమ్ కిందికి దూరాలని చూస్తుంది, లేదా దాని వెనుక భాగాన్ని పైకి ఎత్తుతుంది. హిచ్ ఎత్తుగా ఉంటే దాన్ని దించే అడాప్టర్ దొరుకుతుంది. టో బార్ కింద రెండు సేఫ్టీ చెయిన్లు ఒకదానిమీదుగా ఒకటి అడ్డంగా వేయాలి. టో బార్ ఊడిపోయినా దాని కొస నేలకు గుచ్చుకోకుండా ఆ చెయిన్ల ఊయలే పట్టి ఆపుతుంది.

బరువు లెక్క తప్పనిసరిగా వేయాలి. ఈ-450 ఛాసిస్‌కు సొంత బరువు పరిమితి 14,500 పౌన్లు, వెనుక లాగేదానితో కలిపి మొత్తం పరిమితి 22,000 పౌన్లు ఉంటుంది. సామాను, నీళ్ళు, మనుషులతో మోటార్‌హోమ్ పూర్తిగా నిండినా 7,500 పౌన్లు మిగులుతాయనిపిస్తుంది. అయితే ఆ తరగతి బండ్లలో చాలావాటికి హిచ్ సామర్థ్యం 5,000 పౌన్లే, అంటే సుమారు 2,270 కిలోలు. రెండింటిలో ఏది తక్కువో అదే మీ హద్దు. పాత సీఆర్‌-వీ సుమారు 1,600 కిలోలే ఉంటుంది కనుక ఇబ్బంది లేదు. అయినా హిచ్ మీద అంకె చూడకుండా బయలుదేరవద్దు.

బ్రేకు విషయంలో దయచేసి రాజీ పడవద్దు. "మోటార్‌హోమ్ బ్రేకులు చాలులే" అనేవారు అక్కడా ఉన్నారు. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో కొండ దిగుతూ ఉంటే ఒకటిన్నర టన్నుల కారు వెనుక నుంచి తోస్తున్న తోపు స్టీరింగ్ దగ్గర కూర్చున్నవారికి స్పష్టంగా తెలుస్తుంది. అందుకే కారు డ్రైవరు సీటు ముందు పెట్టి, బ్రేకు పెడల్‌ను తానే నొక్కే పెట్టె ఒకటి వస్తుంది. శాశ్వతంగా బిగించే రకమూ ఉంది. ఇంజను ఆగి ఉన్న కారులో రెండు మూడు నొక్కులకే బూస్టర్‌లోని (కాలి ఒత్తిడిని పెంచే భాగంలోని) వాక్యూమ్ అయిపోయి పెడల్ రాయిలా గట్టిపడుతుంది. ఆ గట్టి పెడల్‌కు తగినట్టుగానే పెట్టెను సరిచేసుకోవాలి. మెత్తటి పెడల్ మీద సరిచేస్తే దారిలో బ్రేకు అందదు. వీటితో పాటు, కారు విడిపోతే దాని బ్రేకులు వాటంతట అవే పట్టేలా బ్రేక్‌అవే స్విచ్ ఉండాలి.

నా పొరపాటు ఒకటి చెబుతాను. న్యూ మెక్సికోలో ఒక తెల్లవారుజామున హడావుడిగా బయలుదేరి, కారు హ్యాండ్‌బ్రేకు పూర్తిగా దించడం మరచిపోయాను. ముందు కూర్చుని నడిపేవాడికి వెనుక కారు సంగతి ఏమీ తెలియదు. ఎవరో పక్కనుంచి వస్తూ చెయ్యి ఊపితే ఆపి చూశాను. వెనుక ఎడమ చక్రం దగ్గర సన్నగా పొగ లేస్తోంది, డ్రమ్ము మీద వేలు పెట్టలేకపోయాను. ఆ తరువాత ప్రతిసారీ తగిలించిన వెంటనే మా ఆవిడ కిందికి దిగి, నేను పది అడుగులు మెల్లగా కదిపితే, నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయో లేదో చూసి చెయ్యెత్తేది. ఎక్కడ ఆగినా టైరూ, చక్రపు మధ్యభాగమూ ముంచేతితో తాకి చూడటం అలవాటైంది.

మరొకటి. ఇలా కట్టిన కారుతో రివర్సు చేయకూడదు. వెనక్కి తోస్తే ముందు చక్రాలు ఒక పక్కకు పూర్తిగా తిరిగిపోయి, టో బార్ చేతులు వంగిపోతాయి. పెట్రోలు బంకులోకి వెళ్ళేముందే బయటకు దారి ఎటో చూసుకోండి. ఇరుక్కుంటే కారు విప్పడమే గతి. నేల సమంగా లేని చోట పిన్నులు బిగుసుకుపోయి రావు. అప్పుడు సుత్తి పుచ్చుకోకుండా, కారులో ఒకరు కూర్చుని స్టీరింగ్ కొద్దిగా అటూ ఇటూ ఆడిస్తే బిగువు వదిలి పిన్ను చేతికి వస్తుంది. కాలిఫోర్నియాలో ఏ వాహనాన్నైనా లాగుతున్న బండికి వేగ పరిమితి 55 మైళ్ళే. అబ్బాయికి ఇది గుర్తు చేయండి.

సమాధానం 2 (గేర్‌బాక్స్ మెకానిక్, మూసాపేట)

సార్, పై సమాధానంలో అమరికల గురించి చాలా వివరంగా చెప్పారు. గేర్‌బాక్స్ లోపల ఏం జరుగుతుందో నేను చెబుతాను, ఎందుకంటే "న్యూట్రల్‌లో పెడితే చాలు" అనే మాట నమ్మి చెడగొట్టుకున్న బండ్లు నా షెడ్డుకు వస్తుంటాయి.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్‌ను తిప్పే పంపు ఇంజనుతో తిరుగుతుంది, చక్రాలతో కాదు. ఇంజను ఆగితే పంపు ఆగినట్టే. కానీ చక్రాలు తిరుగుతున్నంతసేపూ వాటికి కలిసిన షాఫ్టూ, గేర్లూ లోపల తిరుగుతూనే ఉంటాయి. ఆయిల్ అడుగున నిలిచి ఉంటుంది, పై భాగాలు ఎండి తిరుగుతాయి. చాలా సీవీటీలలో పరిస్థితి ఇంకా అన్యాయం. న్యూట్రల్‌లో ఉన్నా పుల్లీలూ, ఇనుప బెల్టూ చక్రాలతో పాటు తిరుగుతాయి. బెల్టును జారకుండా పట్టుకునేది ఆయిల్ ఒత్తిడే. ఆ ఒత్తిడి లేకపోతే బెల్టు జారుతూ పుల్లీ ముఖాన్ని గీరేస్తుంది. మొన్న అలా తాడు కట్టి చాలా దూరం లాక్కొచ్చిన ఒక కారు బాక్స్ విప్పాను. ఎర్రగా ఉండవలసిన ఆయిల్ కాఫీ డికాక్షన్‌లా నల్లబడి, మూత తీయగానే మాడు వాసన కొట్టింది. అడుగు అయస్కాంతం మీద ఇనుప పొడి వెంట్రుకల్లా నిలబడి ఉంది.

పాత హోండా ఆటోమేటిక్‌లను లాగనిచ్చారంటే దానికి కారణం ఉంది. వాటి లోపలి కట్టుబాటు మిగతా ఆటోమేటిక్‌ల లాంటిది కాదు. మాన్యువల్ బాక్స్‌లో లాగా పక్కపక్కన షాఫ్టులు, వాటి మీద గేర్లు ఉంటాయి. ఆ మూడు నిమిషాలు ఇంజను నడపమనేది లోపలి భాగాలన్నిటికీ ఆయిల్ పట్టించడానికే. అది తంతు అనుకుని వదిలేయకండి.

మాన్యువల్ అయినా అన్నీ ఒకటి కావు. ఆల్టో వంటి ముందు చక్రాల బండిలో గేర్లూ, డిఫరెన్షియలూ (శక్తిని రెండు పక్కల చక్రాలకూ పంచే భాగమూ) ఒకే పెట్టెలో ఉంటాయి. చక్రాలు తిరిగితే డిఫరెన్షియల్ పెద్ద పళ్ళచక్రం ఆయిల్‌లో మునిగి తిరుగుతూ పైకి చిమ్ముతుంది కనుక లోపల కొంత తడి ఉంటుంది. పాత ఓమ్ని, అంబాసిడర్ వంటి వెనుక చక్రాల బండ్లలో అలా కాదు. న్యూట్రల్‌లో ఇంజను ఆగి ఉంటే, ఆయిల్ చిమ్మే కింది షాఫ్ట్ తిరగదు, పై షాఫ్ట్ మాత్రం చక్రాలతో తిరుగుతూ బేరింగులను ఎండగడుతుంది. అందుకే హైవేల మీద చెడిపోయిన లారీని లాగే ముందు క్లీనరు కిందికి దూరి గేర్‌బాక్స్‌ను వెనుక చక్రాలకు కలిపే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పేస్తాడు, లేదంటే యాక్సిల్ షాఫ్టులు లాగేస్తారు. ఆ పది నిమిషాల పని చేయకపోతే బాక్స్ మొత్తం విప్పవలసి వస్తుందని వాళ్ళకు తెలుసు.

వైరింగ్ గురించి ఒక మాట. వెనుక కారు దీపాలు కూడా వెలగాలని మోటార్‌హోమ్ వైరును కారు వెనుక దీపాల వైరుకు నేరుగా కలిపితే కరెంటు వెనక్కి పారి కారు ఎలక్ట్రానిక్స్ దెబ్బతింటాయి. మధ్యలో కరెంటును ఒక వైపే పోనిచ్చే డయోడ్లు పెట్టించాలి, లేదా దీపం గూటిలో విడిగా ఇంకో బల్బు పెట్టించాలి. తాళం చెవి లాక్ తీసిన స్థానంలో రోజంతా ఉంటే బ్యాటరీ దిగిపోతుంది. మోటార్‌హోమ్ నుంచి సన్నని చార్జింగ్ లైను ఒకటి లాగితే సాయంత్రం కారు స్టార్ట్ అవుతుంది.

సమాధానం 3 (రవాణా శాఖ విశ్రాంత ఉద్యోగి, మలక్‌పేట)

మీ మూడవ ప్రశ్నకు జవాబు, అయ్యా. అరకు ప్రయాణానికి ఆల్టోను అలా కట్టుకుని వెళ్ళడం మన దేశంలో చట్టసమ్మతం కాదు. 2017 మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల ప్రకారం చెడిపోయిన వాహనాన్ని, పూర్తిగా తయారు కాని వాహనాన్ని, రిజిస్టరైన ట్రైలర్‌ను, సైడ్‌కార్‌ను మాత్రమే మరొక వాహనంతో లాగవచ్చు. చెడిపోయినదాన్ని లాగేటప్పుడు కూడా దాని స్టీరింగ్ దగ్గర లైసెన్సు ఉన్న మనిషి కూర్చోవాలి, లేదా ముందు చక్రాలు నేలకు తగలకుండా పైకెత్తి ఉండాలి. రెండు వాహనాల మధ్య ఎడం 5 మీటర్లు మించకూడదు. వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకూడదు. చక్కగా నడిచే ఆల్టోను, లోపల మనిషి లేకుండా, హైవే వేగంతో లాగడం వీటిలో దేనికీ సరిపోదు. పైగా అందుకోసం ఛాసిస్‌కు చట్రం బిగిస్తే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద అనుమతి లేని మార్పు అనే ప్రశ్న కూడా వస్తుంది. దారిలో ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వారు మొదట అడిగేది ఇదే. మీ తోడల్లుడు గారి బండి ముందు వెళుతుంటే, ఆల్టోను మీలో ఒకరు వెనుకే నడుపుకుంటూ వెళ్ళడం ఉత్తమం.

ప్రశ్న అడిగినవారి జవాబు (సైనిక్‌పురి)

ముగ్గురికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఆల్టో ఆలోచన మానుకున్నాము. నిన్న రాత్రి అబ్బాయికి ఇవన్నీ చదివి వినిపించాను. వాడు టార్చిలైటుతో మోటార్‌హోమ్ వెనుక వంగి, హిచ్ మీది ప్లేటును గుడ్డతో తుడిచి చూసి 5,000 పౌన్లని చెప్పాడు. కోడలి కారు పుస్తకం తీయిస్తే, నాలుగు చక్రాల మీద లాగవద్దని అందులోనే స్పష్టంగా ఉందట. కోడలి కారును అలాగే ఉంచుకుని, 2013 లేదా 2014 సీఆర్‌-వీ వాడినది ఒకటి చూస్తామంటున్నారు.

మియాపూర్ వారికి ఒక చిన్న ప్రశ్న. ఆ బ్రేకు పెట్టెను గట్టిపడిన పెడల్ మీద సరిచేయాలన్నారు కదా. అలా చేసేముందు ఇంజను ఆపి పెడల్‌ను ఎన్నిసార్లు తొక్కి వాక్యూమ్ తీసేయాలి? రోజూ తగిలించినప్పుడల్లా ఆ పని చేయాలా, లేక మొదట ఒకసారి చేసుకుంటే సరిపోతుందా?

సమాధానం 1 నుంచి మళ్ళీ (మియాపూర్)

ఇంజను ఆపి నాలుగైదుసార్లు గట్టిగా తొక్కితే పెడల్ కిందికి దిగడం మానేస్తుంది. లెక్క కంటే కాలికి తెలిసే ఆ గట్టిదనమే గుర్తు. పెట్టెను సీటు ముందు నుంచి తీసి మళ్ళీ పెట్టిన ప్రతిసారీ చేయాలి. సీటు ఒక్క గాడి వెనక్కి జరిగినా పెడల్ మీద దాని ఒత్తిడి మారిపోతుంది. మేము సీటు పట్టా మీద, అది ఉండవలసిన చోట తెల్ల పెయింటుతో గీత పెట్టుకున్నాము.