వృత్తంలో తిరిగే కారు త్వరణం 7 ఎందుకు కాదు?

ప్రశ్న:
100 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వృత్తాకార మార్గంలో కారు తిరుగుతోంది. ఒకానొక క్షణంలో దాని వడి సెకనుకు 20 మీటర్లు. ఆ వడి సెకనుకు 3 చొప్పున పెరుగుతోంది. వడి పెరగడం వల్ల 3, వడి వర్గాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే 4, మొత్తం 7 కావాలి కదా? పుస్తకం వెనక 5 అని ఉంది. అసలు వడి మారకపోయినా ఆ 4 ఎక్కడి నుంచి వస్తుంది? సూత్రం కంఠతా వచ్చు, కారణం కావాలి.

జవాబు:
3 స్పర్శరేఖ వెంబడి, 4 కేంద్రం వైపు. రెండూ లంబంగా ఉన్నాయి కాబట్టి పైథాగరస్ సిద్ధాంతం వాడాలి.

మరో జవాబు:
కారణం అడిగారు, సంతోషం. సాధారణంగా దీన్ని సరూప త్రిభుజాలతో నిరూపిస్తారు. తప్పేమీ లేదు గానీ, 'అతి చిన్న కోణం' అనేసరికి సగం మంది చేతులెత్తేస్తారు. నాకు నచ్చే దారి వేరు.

ముందు వడి 20 దగ్గరే నిలకడగా ఉందనుకోండి. వేగాన్ని 20 పొడవున్న బాణంగా గీయండి. కారు ఎక్కడున్నా బాణం తోకను మాత్రం కాగితం మీద ఒకే చుక్క దగ్గర ఉంచండి. కారు ఒక చుట్టు తిరిగేలోగా బాణమూ గడియారం ముల్లులా ఒక చుట్టు తిరుగుతుంది. కారు మార్గం చుట్టుకొలత 628 మీటర్లు, పట్టే కాలం 31.4 సెకన్లు. అంతలో బాణం మొన తిరిగింది 125.7. త్వరణం అంటే వేగం మారే రేటు కాబట్టి, మొన కదిలే వడే త్వరణం. భాగించండి, 4 వస్తుంది. మొన ఎప్పుడూ బాణానికి లంబంగానే కదులుతుంది, అంటే కేంద్రం వైపే.

ఇక వడి పెరిగితే బాణం పొడవూ సెకనుకు 3 చొప్పున సాగుతుంది. మొన పక్కకు 4, ముందుకు 3 కదిలితే కర్ణం 5.

చంద్రుడికీ ఇదే లెక్క వేసి చూడండి: దూరం సుమారు 3,84,400 కి.మీ., చుట్టుకు 27.3 రోజులు. త్వరణం 0.0027 వస్తుంది. చంద్రుడి దూరం భూమి వ్యాసార్ధానికి దాదాపు 60 రెట్లు. గురుత్వాకర్షణ దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది కాబట్టి, భూమి మీద కిందపడే వస్తువు త్వరణం 9.8ని 60 వర్గంతో భాగించినా అంతే! న్యూటన్ పోల్చి చూసింది దీన్నే.

ప్రశ్న అడిగినవారు:
బాణం గీసి చూశాను, అర్థమైంది. బ్రేకు వేయడం వల్ల వడి సెకనుకు 3 తగ్గుతుంటే?

జవాబు:
పరిమాణం అప్పుడూ 5. దిశ మాత్రం మారుతుంది: కేంద్రం వైపు గీత నుంచి 37 డిగ్రీలు ముందుకు వాలేది వెనక్కి వాలుతుంది. ఈ 5 ఆ క్షణానికి మాత్రమే సుమా. మీ మొదటి లెక్కలోనే సెకను తర్వాత వడి 23, కేంద్రం వైపు త్వరణం 5.29, మొత్తం సుమారు 6.1.