డేంజర్ లెవెల్ 3 ఉన్నప్పుడు బెర్తూడ్ పాస్ దగ్గర స్నోషూయింగ్‌కి వెళ్లొచ్చా?

కొండదారి:
డెన్వర్ నుంచి నలుగురం శనివారం బెర్తూడ్ పాస్ (కొలరాడోలోని కొండ కనుమ) వెళ్దామనుకుంటున్నాం. స్కీయింగ్ కాదు, స్నోషూలతో (మంచులో దిగబడకుండా బూట్లకి కట్టుకునే వెడల్పాటి చట్రాలు) నడకే. కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ ఫోర్‌కాస్ట్‌లో ఆ ప్రాంతానికి అవలాంచ్ (కొండవాలు మంచు ఒక్కసారిగా జారిపడటం) ప్రమాద స్థాయి 5కి 3 చూపిస్తోంది. ఉత్తరం, తూర్పు వాలుల్లో ‘పర్సిస్టెంట్ స్లాబ్’ అని రాశారు. కానీ వారంగా కొత్త మంచు పడలేదు, ఎండ బాగా కాస్తోంది. 3 అంటే మధ్యస్థమే కదా? బీకన్లు (పూడుకున్న మనిషిని వెతకడానికి సిగ్నల్ పంపే, పట్టే పరికరాలు) అద్దెకు తీసుకుంటే సరిపోతుందా?

మంచుపొర:
3ని అయిదుకి మూడు మార్కుల్లా చదవకండి. ఆ స్థాయిలో మంచు తనంతట తానే జారొచ్చు, మనిషి బరువు పడితే జారే అవకాశం ఎక్కువ.

వారంగా మంచు పడలేదన్నది ఇక్కడ ధైర్యం ఇచ్చే మాట కాదు. అక్టోబరు, నవంబరుల్లో పడే మంచు పలచగా ఉంటుంది. దాని అడుగున నేల 0 డిగ్రీల దగ్గర, పైన గాలి బాగా మైనస్‌లో. 10 సెంటీమీటర్ల మందంలో ఒక డిగ్రీకి మించి తేడా ఉంటే నీటి ఆవిరి పైకి కదిలి, రేణువులు కోణాలు తేలిన పలుకులుగా మారతాయి. చేతిలోకి తీసుకుంటే పంచదారలా రాలిపోతుంది, ఉండ కట్టదు. దానిమీద గాలి దట్టించిన గట్టి పలక కూర్చుంటే అదే స్లాబ్. ఉత్తరం వాలుకి ఎండ తగలదు కాబట్టి ఆ పంచదార పొర వారాలు, నెలలు అలాగే ఉంటుంది.

2013 ఏప్రిల్ 20న లవ్‌ల్యాండ్ పాస్ దగ్గర షీప్ క్రీక్‌లో ఆరుగురిలో అయిదుగురు చనిపోయింది ఇలాంటి అడుగు పొర విరిగే. ఆరోజు కూడా లెవెల్ 3. వాళ్ల దగ్గర వెతికి కాపాడే సామాను ఉంది, ప్రమాదం ఎక్కడుందో తెలుసు. ఉన్నది వాలు కింది భాగంలో. పైనున్నదంతా కదిలి మీదికొచ్చింది.

వాలుకొలత:
పై మాటకి కొనసాగింపు: మంచు మన చేతిలో లేదు, దారి ఉంది. స్లాబ్‌లు ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో. కాల్‌టోపో మ్యాప్‌లో స్లోప్ యాంగిల్ షేడింగ్ ఆన్ చేయండి. 27 డిగ్రీల నుంచి పసుపు మొదలై నారింజ, ఎరుపులోకి వెళ్తుంది. మీ దారి రంగు లేని చోట ఉంటే చాలదు, దాని *పైన* ఏ రంగు ఉందో చూడాలి. పై వాలు జారితే ఆ మంచు చదునులోకి ఎంతో దూరం వస్తుంది. స్నోషూ వాళ్లు తప్పేది ఎక్కువగా ఇక్కడే.

మ్యాప్‌లో చిన్న గట్లు కనబడవు. పది మీటర్ల గట్టు జారినా, కింద వాగు ఉంటే మంచంతా అందులోనే పేరుకుని మనిషిని లోతుగా పూడ్చేస్తుంది. అనుమానం వస్తే చేతికర్రని (పోల్) వాలు మీద పడుకోబెట్టి, దానిపై ఫోన్ పెట్టి కోణం కొలవండి.

నడుస్తుంటే కాళ్ల కింద ‘ధుమ్’మని కూలిన చప్పుడు, మంచులో పగుళ్లు పరుగెత్తడం, పక్క వాలులో తాజాగా జారిన గుర్తు: ఒక్కటి కనిపించినా వెనక్కి వచ్చేయండి.

పారపట్టు:
బీకన్ ఒక్కటే ఏం చేయదండీ. ఒక్కొక్కరికీ బీకన్, కనీసం 240 సెంటీమీటర్ల ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే కడ్డీ), లోహపు పార, మూడూ ఉండాలి. పూడుకున్న పది నిమిషాలకే బతికే అవకాశం వేగంగా పడిపోవడం మొదలవుతుంది. అందుకే అద్దెకు తెచ్చిన రోజే ముందు పార్కులో ఒకటి దాచి వెతకండి.

ఎవరైనా పూడుకుంటే వరుస ఇది: మిగతా అందరూ బీకన్‌ని సిగ్నల్ పంపడం నుంచి సెర్చ్‌లోకి (వెతికే స్థితి) మార్చాలి. మార్చడం మరిచిపోయిన ఒక్క బీకన్ చాలు, అందరినీ తప్పుదారి పట్టిస్తుంది. వెతికేటప్పుడు ఫోన్ అరమీటరు దూరంలో ఉండాలి. బీకన్ చూపే దూరం 3 మీటర్ల లోపుకి వచ్చాక బీకన్‌ని మంచుకి ఆనించి, తిప్పకుండా, అడ్డంగా నిలువుగా జరుపుతూ అతి తక్కువ అంకె పట్టుకోండి. అక్కడినుంచి 25 సెంటీమీటర్ల ఎడంతో చుట్లుగా, వాలుకి లంబంగా ప్రోబ్ గుచ్చాలి. తగిలితే ప్రోబ్ తీయొద్దు. దాని నెత్తిన తవ్వొద్దు, లోతుకి ఒకటిన్నర రెట్ల దూరం వాలు కిందివైపుకి దిగి అడ్డంగా తవ్వుకుంటూ రావాలి.

చెట్లకి కొట్టుకుని పోయే ప్రాణాలకి ఈ సామాను అక్కరకు రాదు.

కొండదారి:
అందరికీ థాంక్స్ అండి. షేడింగ్ వేసి చూస్తే మేం అనుకున్న దారి ఎర్ర వాలు కిందనుంచే పోతోంది. దాన్ని వదిలేస్తున్నాం. పైన కూడా ఏ రంగూ లేని అడవి దారి దొరికింది. దానికైనా బీకన్లు కావాలా?

వాలుకొలత:
దారి పొడవునా, పైనా 25 డిగ్రీలు దాటకపోతే వాటి అవసరం పడదు. శుక్రవారం సాయంత్రం ఫోర్‌కాస్ట్ మళ్లీ చూసి, ఆ మ్యాప్‌ని ఆఫ్‌లైన్‌లో దించుకోండి. దారి తప్పి పక్క వాలులోకి పోకుండా అదే కాపాడుతుంది.