గ్లాక్ 17 కొనాలా, 34 కొనాలా? యూఎస్‌పీఎస్‌ఏ మ్యాచ్‌ల కోసం

డాలస్ కొత్తబ్యాచ్:
అన్నలూ, గ్రీన్ కార్డ్ వచ్చాక రేంజ్‌కి వెళ్ళడం అలవాటైంది. ఇక యూఎస్‌పీఎస్‌ఏ (అమెరికాలో ప్రాక్టికల్ షూటింగ్ పోటీలు నడిపే సంఘం) క్లబ్ మ్యాచ్‌లలో క్యారీ ఆప్టిక్స్ డివిజన్, అంటే పిస్టల్ మీద రెడ్ డాట్ సైటు పెట్టి ఆడే విభాగం, ఆడదామనుకుంటున్నా. గ్లాక్ 17, గ్లాక్ 34 పిస్టళ్ళు రెండూ పట్టుకుని చూశాను, రెండూ డాట్ (గురికి వెలిగే చుక్క చూపించే సైటు) బిగించుకునే ఎంఓఎస్ మోడళ్ళే. గ్రిప్ ఒకటే, మ్యాగజైన్లూ ఒకటే. షాపులో మాత్రం పోటీలకైతే 34 తప్ప వేరేది వద్దన్నారు. నిజమేనా?

ఆస్టిన్ షూటర్:
తమ్ముడూ, 17 తీసుకో. నేనూ ఒక షాపువాళ్ళ మాట విని ముందు 34 కొని, ఏడాది తర్వాత 17కి మారినవాణ్ణి, రెండూ వాడి చెబుతున్నా. 34 బ్యారెల్ 5.31 అంగుళాలు, 17ది 4.49. ఆ పొడవు వల్ల అసలు లాభం ఐరన్ సైట్లకే (డాట్ లేకుండా గురి చూసుకునే మామూలు లోహపు సైట్లు), ఎందుకంటే ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం పెరిగితే గురి కాస్త పక్కకి పోయినా కంటికి తెలిసిపోతుంది. 34 వచ్చింది 1998లో, అప్పట్లో ఇలాంటి పిస్టల్ మీద రెడ్ డాట్ పెట్టడం మామూలు విషయం కాదు.   నువ్వు డాట్ పెడతావు, చూసేది ఆ చుక్క ఒక్కటే, ఇక ఆ పొడవుతో ఏం పని?

పాతకాపు:
ఒప్పుకోను. ముందు భాగం పొడవుగా ఉంటే పిస్టల్ నిలకడగా ఉంటుంది, రెండో షాట్‌కి డాట్ త్వరగా తిరిగొస్తుంది, నాకైతే ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఇంకోటి, పవర్ ఫ్యాక్టర్, అంటే గ్రెయిన్లలో బుల్లెట్ బరువుని వేగంతో గుణించి వెయ్యితో భాగిస్తే వచ్చేది, కనీసం 125 ఉండాలి. 124 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 1,010 అడుగుల వేగంతో వెళ్తే వచ్చేది 125.24, సరిగ్గా అంచు మీద. పొడవు బ్యారెల్ సాధారణంగా కాస్త వేగం ఎక్కువిస్తుంది. నాలాగా ఇంట్లో సొంతంగా తూటాలు తయారు (రీలోడ్) చేసుకునేవాళ్ళకి అది చిన్న విషయం కాదు, పెద్ద మ్యాచ్‌లో 125 కంటే తగ్గితే స్కోరే ఉండదు.

ఆస్టిన్ షూటర్:
రీలోడింగ్ మాట నిజమే గారూ, ఐరన్ సైట్లతో ప్రొడక్షన్ డివిజన్ ఆడేవాళ్ళకైతే నేనూ 34 అనే చెబుతా. కానీ తమ్ముడు ఆడేది అది కాదు, కొనేది ఫ్యాక్టరీ తూటాలు. ఇక ముందు బరువంటారా, 34 స్లైడ్ పైన పెద్ద కిటికీలా కోసేసి బరువు తగ్గించారు కదా, రెండింటికీ తేడా మీరు చెప్పినంత లేదు. బరువే కావాలంటే సీజెడ్ షాడో 2 పిస్టల్ ఉంది, 1,330 గ్రాములు, అది చేతిలోకి తీసుకుంటే తేడా అంటే ఏంటో తెలుస్తుంది.

తమ్ముడూ, లెక్క చూడు. 12 షాట్ల స్టేజ్‌లో (మ్యాచ్‌లో ఒక రౌండు) అన్నీ టార్గెట్ మధ్యలోని ఏ జోన్‌లో, ఒక్కోటి 5 పాయింట్లకి, పడితే 60 పాయింట్లు, 8 సెకన్లలో ముగిస్తే హిట్ ఫ్యాక్టర్, అంటే సెకనుకి పాయింట్లు, 7.5. సెకను తొందరపడి 7లో ముగించి నాలుగు పక్కనుండే సీ జోన్‌లో, ఒక్కోటి 3 పాయింట్లకి, కొడితే 52 పాయింట్లు, హిట్ ఫ్యాక్టర్ 7.43. సెకను మిగిలినా స్కోరు తగ్గింది! మన స్థాయిలో ఇలాంటి తప్పులే మ్యాచ్‌ని తేలుస్తాయి, ముప్పావు అంగుళం బ్యారెల్ కాదు. రెండింటి ధరలో మిగిలే డబ్బు తూటాల మీద పెట్టు, ఇంట్లో ఖాళీ పిస్టల్‌తో రోజూ పది నిమిషాలు డ్రై ఫైర్ చెయ్యి, ఆ గదిలో తూటా ఒక్కటి కూడా ఉండకూడదు. హోల్‌స్టర్ (పిస్టల్ పెట్టుకునే ఒర) మాత్రం అడుగు తెరిచి ఉండే 34దే కొను, అందులో 17 కూడా పడుతుంది, రేపు మనసు మారినా ఇబ్బంది ఉండదు.

ఇది చదివే హెచ్‌-1బీ వాళ్ళకి ఒక మాట, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. ఫెడరల్ చట్టం ప్రకారం ఆ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. స్నేహితుడి పిస్టల్ ఒక్కసారి కాల్చి చూద్దామనుకున్నా ముందు లాయర్‌ని అడగండి.

డాలస్ కొత్తబ్యాచ్:
థాంక్స్ అన్నా. మనసు 17 వైపే ఉంది కానీ పాతకాపు గారు డాట్ తిరిగి రావడం గురించి చెప్పింది ఇంకా తొలుస్తోంది.

ఆస్టిన్ షూటర్:
అయితే కొనకముందే కాల్చి చూడు. వచ్చే శనివారం ప్రాక్టీసుకి నా 17 తెస్తా. ఆరు షాట్లు, ఏడు గజాలు, టైమర్ పెట్టి ఒక్కోదానితో పదిసార్లు.

పాతకాపు:
నా 34 నేను తెస్తాను, డాట్ ఉన్నదే. తూటాలు మాత్రం ఇద్దరం ఒకే పెట్టెలోవి వాడాలి, లేకపోతే పోల్చడానికి కుదరదు.