కీర్తన వీడియోపై కాపీరైట్ క్లెయిమ్: ప్రకటనల ఆదాయం విషయంలో సలహా కావాలి

నమస్కారం. త్యాగరాజ కీర్తనలను స్వయంగా పాడి, వాటి సాహిత్యాన్నీ రాగభావాన్నీ వివరించే వీడియోలను యూట్యూబ్‌లో పెడుతున్నాను. ఈ మధ్యే ప్రకటనల ఆదాయం మొదలైంది. ఆ కొద్ది మొత్తం మాకు మృదంగం వాయించే విద్వాంసుని పారితోషికానికే వెళ్తుంది.

మూడు రోజుల క్రితం 40 నిమిషాల వీడియో ఒకదానిపై ఒక సంగీత సంస్థ కంటెంట్ ఐడి (వీడియోల్లో ఇతరుల రికార్డింగులను దానంతటదే గుర్తించే యూట్యూబ్ వ్యవస్థ) ద్వారా హక్కు ప్రకటించడంతో, దాని ఆదాయమంతా వారికే మళ్లింది. 1847లో పరమపదించిన వాగ్గేయకారుని రచనపై నేడు ఎవరికీ కాపీరైట్ లేదనీ, ఆ కీర్తనను పాడిన రికార్డింగుకు మాత్రం విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లపాటు హక్కు ఉంటుందనీ నాకు తెలుసు. నేను వాడినది 1990ల నాటి క్యాసెట్టులోని 20 సెకన్లు మాత్రమే, అదీ ఒక సంగతిని (కీర్తనలోని ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే స్వరరూపాల్లో ఒకదాన్ని) పాడే తీరులోని తేడాను పోల్చి చూపడానికి. ఆ గాయని పట్ల నాకు ఎంతో గౌరవం ఉంది, ఆమె పేరు కూడా చెప్పాను.

1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ విమర్శకు, సమీక్షకు ఇచ్చిన మినహాయింపు ఆదాయం వచ్చే వీడియోకు కూడా వర్తిస్తుందా? అయిదు రోజుల్లోపు అభ్యంతరం తెలిపితే, వివాదం తేలేవరకు ఆదాయాన్ని పక్కన ఉంచుతారు కాబట్టి నాకు రెండు రోజులే మిగిలాయి. సంస్థ నా అభ్యంతరాన్ని తిరస్కరించాక అప్పీలు చేసినవారు ఎవరైనా ఉంటే, ఛానెల్‌పై స్ట్రైక్ (కాపీరైట్ ఉల్లంఘనకు యూట్యూబ్ వేసే హెచ్చరిక) పడిందో లేదో దయచేసి తెలియజేయండి. ఆ 20 సెకన్లను కత్తిరించి, నేనే పాడి చూపడం మేలంటారా?