అప్‌డేట్: గుమ్మం ముందు నిమ్మకాయలు. ప్రార్థించిన అందరికీ వందనాలు

పోయిన నెల అడిగాను కదా: గాజువాకలో మా అద్దె ఇంటి గుమ్మం ముందు పసుపు, కుంకుమ పూసిన నిమ్మకాయలు కనిపించాయి, అదే వారం పాపకి జ్వరం వచ్చింది, విరుగుడు చేయించమంటున్నారు, ఏం చేయాలి అని.

చేయించలేదు. అత్తయ్య కొంచెం బాధపడ్డారు. ముందు పాపని డాక్టర్‌కి చూపించాం. వైరల్ జ్వరమే, ఐదు రోజుల్లో తగ్గింది. నిమ్మకాయలు నేనే చీపురుతో ఎత్తి పారేశాను. చేతులు వణుకుతుంటే యేసయ్య పేరు తప్ప నోట ఇంకేం రాలేదు. ఎవరు పెట్టారో ఆరా తీయొద్దని మీలో ఒకరన్నారు, తీయలేదు.

పాస్టర్‌గారు వచ్చి యోహాను సువార్త 17వ అధ్యాయం చదివారు. సిలువకు ముందు రాత్రి యేసయ్య తన శిష్యుల్ని లోకంలోంచి తీసుకుపొమ్మని అడగలేదు, దుష్టుని నుంచి కాపాడమని తండ్రిని అడిగారు. 20వ వచనానికొచ్చేసరికి, వాళ్ల మాట విని నమ్మబోయేవాళ్ల కోసం కూడా ప్రార్థించారు. అంటే మా కోసం కూడా! అక్కడ నాకు ఏడుపు ఆగలేదు.

భయం ఒక్కసారే పోలేదు. రాత్రి గేటు చప్పుడైతే ఇప్పటికీ మెలకువ వస్తుంది. ఆ వచనం చెప్పుకుంటే మళ్లీ నిద్ర పడుతోంది.

ఆదివారం కృతజ్ఞతార్పణ ఇచ్చాం. సాయంత్రం రాస్ హిల్ ఎక్కాం. పాప హార్బర్‌లో ఓడలు లెక్కపెడుతుంటే నేను స్తోత్రం చెప్పుకుంటూ కూర్చున్నాను.