ఆదివారం ప్రార్థనలో మాట్లాడినందుకు మెమో ఇవ్వొచ్చా?

మా అక్క వైజాగ్‌లో రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్, పర్మనెంటే. గాజువాకలో ఆదివారం కూటంలో సాక్ష్యం చెప్పింది, ఆ వీడియో ఎవరో వాట్సాప్‌లో తిప్పితే పైఅధికారి సంజాయిషీ అడుగుతూ మెమో ఇచ్చారు. సెలవు రోజు, ఆఫీసు పేరెత్తలేదు, ఏ మతాన్నీ ఒక్క మాట అనలేదు. దసరాకి ఆఫీసులోనే ఆయుధపూజ చేస్తారు, అక్క కూడా ప్రసాదం తింటుంది, దానికి ఎవరికీ మెమో రాదు మరి!

రాజ్యాంగం 25వ అధికరణంలో మత స్వేచ్ఛ ఉంది, మామూలుగా విచారణ లేకుండా ఉద్యోగంలోంచి తీసేయడానికి 311వ అధికరణం ఒప్పుకోదు, అంతవరకు తెలుసు. కానీ 1964 కండక్ట్ రూల్స్ (రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు) కింద దీన్ని తప్పు పట్టొచ్చా? సస్పెన్షన్ అసలు శిక్షే కాదంటారు, అంటే విచారణ లేకుండానే చేసేస్తారేమోనని మా టెన్షన్. జవాబు తనే రాయాలా, ముందు యూనియన్ వాళ్లని కలవాలా, లాయర్‌తో రాయించాలా? సర్వీస్ రూల్స్ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి, గడువు దగ్గరపడింది.