అప్‌డేట్: మారినాకి లోయరింగ్ స్ప్రింగులు వేయించాను, వెనకవి తీయించేశాను

నా పాత టాటా ఇండిగో మారినాని (వెనక సామాను చోటు పెద్దగా ఉండే వ్యాగన్ కారు) 40 మిల్లీమీటర్లు కిందకి దింపే స్ప్రింగులు వేయిస్తే పాత షాకులే (ఊగడం ఆపే షాక్ అబ్జార్బర్లు) ఉంచొచ్చా అని ఇక్కడ అడిగాను, గుర్తుందాండీ? మీరంతా షాకులూ మార్చమన్నారు. వినలేదు. అమలాపురంలో మెకానిక్ అయితే "కొత్తవెందుకండీ, ఉన్నవే రెండు చుట్లు కోసేద్దాం" అన్నాడు. దానికి మాత్రం దణ్ణం పెట్టేశాను. కోసిన స్ప్రింగు, చక్రం గాల్లోకి లేస్తే చోటు తప్పి జారిపోగలదు.

ఖాళీ బండి భలే ఉంది. రావులపాలెం వెళ్తుంటే మలుపుల్లో ఊగడం బాగా తగ్గింది. వారం తిరక్కుండా డిక్కీలో వంద కొబ్బరికాయలు, వెనక సీట్లో అత్తగారూ మావయ్యగారూ. కాలవ గట్టు రోడ్డులో ప్రతి గోతికీ బంప్ స్టాప్ (స్ప్రింగు బాగా నొక్కుకుపోతే తగిలే రబ్బరు దిమ్మ) మీద ధన్ ధన్. స్పీడ్ బ్రేకర్‌కి సైలెన్సర్ గీసుకుంది. మావయ్యగారు మిగతా దారి నడిచే వచ్చారు!

వ్యాగన్‌కి బరువంతా వెనకే పడుతుందని ముందే ఆలోచించాల్సింది. ఇప్పుడు వెనక కంపెనీ స్ప్రింగులే, కొత్త షాకులతో. ముందు మాత్రం దింపినవే ఉంచాను. ముక్కు కాస్త వంగినట్టుంది, హెడ్‌లైట్లు పైకి సర్దించాను. బండి దింపాక చక్రాల అలైన్‌మెంట్ ఆలస్యం చేసినందుకు ముందు టైర్లు లోపలంచు అరిగాయి.

ఇంకోటి: చక్రాన్ని బాడీకి కలిపే ఆర్ముల రబ్బరు బుష్‌ల బోల్టులు బండి నేల మీద నిలబడ్డాకే ఆఖరి బిగింపు బిగించాలి. జాకీ మీదుండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి తొందరగా చిరుగుతుంది. నావి మళ్ళీ వదులు చేసి బిగించాం.

నిన్న చూస్తే ముందు ఎడమ షాకు ఆయిల్ కారుతోంది. ఆయ్, మీరు చెప్పిందే.